కొండదారికి సున్నం పెట్టిన చిట్టెమ్మ

మా ఊళ్లో ఎవరికైనా ఇంటిపేరు ఒకటుంటే, ఊరు పెట్టిన పేరు ఇంకొకటి ఉంటుంది. రెండోదే నిలుస్తుంది. చిట్టెమ్మగారి ఇంటిపేరేమిటని అడిగితే ముసలివాళ్లు కూడా బుర్ర గోక్కుంటారు. సున్నం చిట్టెమ్మ అంటే మాత్రం ఏటి అవతలి వాళ్లు కూడా చెబుతారు. ఆవిడ భర్త లోవరాజుగారు సున్నం బట్టీ కాల్చేవారు. అందువల్ల ఆ పేరు వచ్చిందనుకుంటే పొరపాటు. సున్నం కాల్చిన ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి, వాళ్లెవరికీ ఆ పేరు రాలేదు. ఆవిడ కొండకు సున్నం పెట్టింది. ఏటేటా, ఎవరూ అడక్కుండా, ఎవరి మెప్పూ కోరకుండా పెట్టింది. నేను ఇవాళ బతికి ఉండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆ సున్నం పెట్టిన చేతి చలవే. అందుకని ఇందులో ఎక్కడైనా ఆవిణ్ణి మరీ ఎక్కువ పొగిడానని అనిపిస్తే చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

మా ఊరు దిగువపాలెం. రాజమండ్రిలో పడవెక్కి గోదావరికి ఎదురు వస్తే, పట్టిసీమ దాటాక, కొండలు ఏటికి దగ్గరగా జరిగే చోట ఉంటుంది. ఊరి వెనకనుంచే కోటకొండ లేస్తుంది. దాని మీద ఏనాటి రాజులదో పాత కోట ఉంది. ఎవరు కట్టారని అడిగితే మా ఊళ్లో తలా ఒక పేరూ చెబుతారు, ఏ పేరూ తెలియనివాడు పాండవులంటాడు. ఇప్పుడు మిగిలిందల్లా కూలిన ప్రాకారం, గుమ్మం రాళ్లు, లోపల చెట్లు మొలిచిన గుర్రాల సావిడి, ఇంకా నీళ్లున్న ఒక దిగుడుబావి, ఏటివైపు పడిపోకుండా నిలబడ్డ ఒకే ఒక్క బురుజు. ఆ బురుజెక్కి నిలబడితే పాపికొండల సందులోంచి గోదావరి బయటపడటం, ఇసకతిన్నెల మధ్య పాయలుగా చీలటం, పట్టిసీమ గుడి, తెరచాపలెత్తిన పడవలు, కింద ఎక్కడికో పోయే పచ్చటి పొలాలు, అన్నీ కనిపిస్తాయి. ఎక్కినంతసేపూ మోకాళ్లను, మొగుణ్ణి, మొక్కుకున్న దేవుణ్ణి తిట్టుకుంటూ వచ్చినవాళ్లు కూడా అక్కడికి చేరాక కాసేపు నోరు మూసుకుంటారు.

ఆ కోటకు పోయే దారి అడవిలోంచి వెళుతుంది. కింద తుమ్మలు, తునికి. పైకి పోయేకొద్దీ మద్ది, టేకు, వెదుళ్లు. వానాకాలం వెళ్లేసరికి దారి అన్నది ఉండదు. తీగలల్లుకుని, గడ్డి నడుం లోతు పెరిగి, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. అయినా కార్తీకమాసంలో మా ఊరివాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వనభోజనాలకు కోటలోకే పోతారు. ప్రాకారం లోపల పెద్ద ఉసిరి చెట్లున్నాయి. వాటి కింద పొయ్యిలు పెట్టి కంద బచ్చలి కూర, పులిహోర, బూరెలు చేసుకుని తినకపోతే మా వాళ్లకు కార్తీకం కార్తీకం కాదు. ఇంటి వెనక పెరట్లో ఉసిరి చెట్టున్నవాడు కూడా కొండెక్కే తింటాడు.

చిట్టెమ్మ పుట్టింది భీమవరం అవతల ఒక పల్లెలో. ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన కొత్త రోజులవి. వాళ్ల నాన్న కాలువ గట్ల మీద మట్టిపని చేసినవాడు. ఆ ప్రాంతంలో నేల అరచెయ్యిలా ఉంటుంది. అందరికంటే ఎత్తయినది కాలువ గట్టు, దాని మీద తాడిచెట్టు. అక్కడ పిల్లలకు నడక రాగానే తల్లిదండ్రులు చెప్పే మాట ఒకటుంది. దారి తెలియకపోతే ఏడవకు, కాలువ గట్టు పట్టుకో, నీళ్లు ఎటు పోతే అటు నడు, ఊరొస్తుంది. అది అక్షరాలా నిజం. ఆ నేల మీద నీళ్లు ఊళ్ల కోసమే పారతాయి. చిట్టెమ్మ పెళ్లయ్యేదాకా ఆ ఒక్క పాఠంతోనే బతికింది, ఎప్పుడూ తప్పిపోలేదు.

పెళ్లయి దిగువపాలెం వచ్చాక, మొదటి కార్తీకంలో అత్తగారితో, ఊరి ఆడవాళ్లతో కలిసి కోటకొండ ఎక్కింది. కొండెక్కడం ఆ పిల్లకు అదే మొదలు. బురుజు మీద నిలబడి, దూరంగా ఆ పచ్చదనంలో ఎక్కడో తన పుట్టిల్లుంది కదా అనుకుంటూ ఉండిపోయింది. కిందికి దిగేటప్పుడు అందరికంటే వెనకబడింది. సగం దిగాక దారి రెండుగా చీలే చోటు ఒకటుంది. కుడివైపు పోతే ఊరు. ఎడమవైపు ఒక వాగు. ముందువాళ్ల మాటలు వినిపించడం లేదు. వాగు గలగలలు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల తనకొచ్చిన పాఠం ప్రకారం చేసింది. నీళ్ల వెంట నడిచింది.

కొండ మీద నీళ్లకు ఊళ్లతో పని లేదు. కొంత దూరం బుద్ధిగా పారి, ఆ తరవాత ఉన్నట్టుండి రాతి అంచు మీదనుంచి లోయలోకి దూకుతాయి. చిట్టెమ్మ జారుతూ జారుతూ ఆ అంచు దాకా వచ్చి, ఒక చెట్టు వేరు పట్టుకుని ఆగింది. ముందుకు పోతే లోయ. వెనక్కి ఎక్కుదామంటే నాచు పట్టిన రాళ్లు. తలప్రాణం తోకకొచ్చింది. అరిచినా నీళ్ల హోరులో తన గొంతు తనకే వినపడలేదట. ఆ వేరు పట్టుకుని అలా కూర్చుండిపోయింది.

పొద్దు వాలుతుండగా పైనుంచి, ఆ అడవిలో బతికే ఒక కొండరెడ్డి వచ్చాడు. నడివయసువాడు, భుజాన వెదురుబొంగు, నడుముకు కత్తి. తేనె కోసం తిరుగుతున్నాడో, వెదురు కోసం వచ్చాడో ఆవిడకు తెలియదు. బొంగు కిందికి చాపి పట్టుకోమన్నాడు. పైకి లాగాక, ఆ పిల్ల వణుకు తగ్గేదాకా కాస్త ఎడంగా కూర్చున్నాడు. "నీళ్లు దూకుతాయమ్మా. మనం దూకలేం. మనం నడవాలి" అన్నాడు. అంతే. ముందు తాను నడుస్తూ, చీలిక దగ్గరికి తీసుకొచ్చి, ఊరి కప్పులు కనిపించే దాకా దిగబెట్టి, దణ్ణం పెడదామని చిట్టెమ్మ వెనక్కి తిరిగేసరికి చెట్లలోకి వెళ్లిపోయాడు. పేరు చెప్పలేదు. ఆవిడకు అడగాలన్న తెలివీ ఆ క్షణాన లేదు.

ఈ సంగతి ఆవిడ భర్తకు ఒక్కడికే చెప్పింది. అత్తగారితో దారిలో కాలు బెణికి కూర్చున్నానంది. కొత్త కోడలు పరాయి మగాడి వెనక అడవిలోంచి వచ్చిందంటే మా ఊరు ఏమంటుందో ఆ పిల్ల అప్పటికే గ్రహించింది. మా ఊరి నోటి సంగతి నేను చెప్పనక్కర్లేదు, ప్రతి ఊరికీ ఒక నోరుంటుంది. లోవరాజుగారు మాత్రం మంచివారు. మర్నాడు భార్యను పడవలో కూర్చోబెట్టుకుని ఏటి పొడుగునా ఉన్న కొండరెడ్ల గూడేలకు తిరిగారు. ఆయన ఎవరో ఎవరూ చెప్పలేకపోయారు. "ఎవరైనా అదే చేస్తారు కదా, దానికి వెతకడమెందుకు?" అని నవ్వారట ఒక గూడెంలో. చిట్టెమ్మకు ఆ దణ్ణం మనసులోనే ఉండిపోయింది.

మరుసటేడు వానలు వెనకబట్టాక ఆవిడ బట్టీలోంచి సున్నం తీసి నీళ్లలో కలిపి, తుమ్మబంక వేసి, ఈతమట్ట చివర చితగ్గొట్టి కుంచె చేసుకుని కొండెక్కింది. ఊరి చివర మొదటి రాయి నుంచి బురుజు మెట్టు దాకా, ఒక గుర్తు దగ్గర నిలబడితే ఇంకో గుర్తు కనిపించేట్టు, రాళ్ల మీద, చెట్ల బోదెల మీద తెల్లగా అడ్డగీత పెట్టుకుంటూ పోయింది. దారికి అడ్డమొచ్చిన కొమ్మలు లోవరాజుగారు కొట్టారు. పడమటి ఎండ పడితే ఆ గీతలు ఏటి మీద పోయే పడవలవాళ్లకు కూడా కనిపించేవట.

ఊరు నవ్వింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. వాళ్ల అత్తగారయితే వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరితో, "మా కోడలికి ఇంటిముందు ముగ్గు చాల్లేదమ్మా, కొండకి వేస్తోంది" అనేది. ఏదో మొక్కు కాబోలని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు. చిట్టెమ్మ కాదనలేదు. వానలకు ఆ సున్నం కొట్టుకుపోయేది. మళ్లీ పెట్టేది. పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లయ్యాయి. ఆవిడ సున్నం పెడుతూనే ఉంది. నవ్వినవాళ్లంతా ఆ గీతలు చూసుకుంటూనే కొండెక్కి బూరెలు తిని దిగారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చీలిక. అక్కడ గీత పెట్టడానికి రాయో బోదో లేక, లోవరాజుగారూ ఆవిడా కలిసి మోకాలెత్తు రాయి ఒకటి కుడిచేతి దారి మొదట్లో పాతి, నిలువునా సున్నం కొట్టారు. రాయి ఉన్న వైపు తిరిగితే ఇల్లు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి.

కానీ మా ఆడవాళ్లున్నారే, తెల్లటి రాయి నిలబడి కనపడితే బొట్టు పెట్టకుండా పోలేరు. ఒక ఏడు ఎవరో పసుపు రాశారు. మరుసటేడు కుంకం. ఆ పై ఏడు కొబ్బరికాయ కొట్టారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టమన్నట్టు, ఎవరు మొదలెట్టారని అడిగినవాళ్లు లేరు. దారి పక్కనుంది గనక దారమ్మ తల్లి అన్నారు. దారమ్మకు మొక్కితే కడుపు పండుతుందన్నారు, జ్వరం తగ్గుతుందన్నారు. చిట్టెమ్మ కనపడ్డవాళ్లందరికీ, "అమ్మా, అది రాయమ్మా, దారి కోసం మేం పాతాం" అని చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పైగా, పాతినావిడే అంత వినయంగా మాట్లాడుతోందంటే అమ్మవారు ఆవిడకు కలలో కనపడే ఉంటుందని ఇంకో కథ పుట్టింది.

అమ్మవారు అయితే అయింది, అక్కడే ఉంటే ఎవరికీ నష్టం లేకపోను. ఏటికి దిగువన ఒక రేవు ఊళ్లో పల్లంరాజుగారని పెద్ద రైతు. ఆయన కొడుకు ఒక ఎండాకాలం విషజ్వరంతో మంచం పట్టాడు. ఇల్లాలు దారమ్మకు మొక్కుకుంది. పిల్లాడు లేచి తిరిగాడు. పల్లంరాజుగారికి ఆ తల్లిని ఎండకూ వానకూ వదిలెయ్యడానికి మనసొప్పలేదు. దసరాలకు డప్పులతో, నెత్తిన మోసే గరగలతో, పల్లకీతో కొండెక్కి, రాయిని భక్తిగా తవ్వి తీసి, పట్టుగుడ్డ కప్పి, తన పొలంలో పెంకుటిల్లు లాంటి గుడి కట్టించి అందులో ప్రతిష్ఠ చేయించారు. ఆయన దుర్మార్గుడు కాడు. అదే ఇక్కడ వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

ఆ సమయానికి చిట్టెమ్మ ఊళ్లో లేదు. గీతలు పెట్టడం ముగించి, కూతురి పురుటికని భీమవరం వైపు వెళ్లింది. రాయి పోయిన సంగతి ఆవిడకు తెలియదు. ఊళ్లోవాళ్లకు తెలుసు గానీ, అమ్మవారు పల్లకీలో వెళ్లిందని సంతోషించారే తప్ప, దారి గుర్తు పోయిందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పైగా డప్పులవాళ్లు, బోయీలు అలసి వాగు దగ్గర కూర్చుని వంట చేసుకున్నారు. ఆ తొక్కుడికి ఎడమవైపు గడ్డి అణిగి, అటే అసలు దారి అన్నట్టు తయారైంది.

మా అమ్మ సంపూర్ణమ్మది కోనసీమలో ఒక లంక ఊరు. ఆ కార్తీకంలో నేను చంకబిడ్డను. మా అమ్మ నన్నెత్తుకుని వనభోజనాలకు పోయింది. దిగేటప్పుడు నేను పాలకు ఏడిచానట. అమ్మ ఒక చెట్టు చాటున కూర్చుని నాకు పాలిచ్చి లేచేసరికి ఆడవాళ్లంతా ముందుకు వెళ్లిపోయారు. వెనకవాళ్లతో వస్తోందని ముందువాళ్లు, ముందువాళ్లతో పోయిందని వెనకవాళ్లు అనుకున్నారు. అమ్మ చీలిక దాకా వచ్చి, రాయి కోసం చూసింది. రాయి లేదు. ఎడమవైపు అణిగిన దారి, వాగు చప్పుడు. లంకలో పుట్టిన మనిషి ఇంకేం చేస్తుంది?

అదే రోజు పొద్దు కాస్త వాలేసరికి పడవలో చిట్టెమ్మ తిరిగొచ్చింది. రేవులో మూట దించుకునేసరికే ఊళ్లో గోల. వనభోజనాలకు పోయినవాళ్లు దిగొచ్చారు, సంపూర్ణమ్మా బిడ్డా లేరు. మా నాన్న కత్తి పట్టుకుని వీధిలో పరుగెడుతున్నాడు. మగవాళ్లు పోగై, కోటలో ఉండిపోయిందేమో, గుర్రాల సావిడిలో నిద్రపోయిందేమో, అవతలి ఊరి దారి పట్టిందేమో అని తలా ఒక మాటా అంటున్నారు. చిట్టెమ్మ మా నాన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబూ, ఆ పిల్ల పుట్టిల్లు ఎక్కడ?"

"ఇప్పుడు పుట్టింటి గొడవేంటి పిన్నిగారూ? కొండమీద తప్పిపోతే పుట్టింటికెలా పోద్దండి?"

"ఏ ఊరో చెప్పు నాయనా."

"లంక ఊరండి. ముక్తేశ్వరం దగ్గర."

"అయితే నీళ్ల వెంట పోయుంటది. పద."

ఎవరో వెనకనుంచి రాయి పోయిన సంగతి అప్పుడు చెప్పారు. ఆవిడ ముఖం చూసి లోవరాజుగారు భయపడ్డారట. ఆవిడ మూట అక్కడే వదిలి కొండవైపు నడిచింది. అప్పటికి ఆవిడ నడివయసు దాటింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా మా నాన్న ఆవిణ్ణి అందుకోలేకపోయాడని ఆయనే చెప్పేవాడు.

మా అమ్మ అచ్చంగా అక్కడే ఉంది. నన్ను పమిటతో గుండెకు కట్టుకుని, అదే అంచున, వేళ్లు పట్టుకుని కూర్చుంది. అదే చెట్టో కాదో నాకు తెలియదు. అమ్మకు ముందు కనిపించింది చిట్టెమ్మ ముఖం. ఒక్కసారిగా పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందని, ఆవిడ దూరం నుంచే చెయ్యెత్తి చూపించి, మెల్లిగా దిగి, మా అమ్మ పక్కన కూర్చుందట. లాగలేదు. తొందరపెట్టలేదు. ముందు కూర్చుంది.

"ఏమ్మా, నీళ్లు ఊరికి తీసుకుపోతాయనుకున్నావా?"

అమ్మ ఏడుస్తూ తలూపింది.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. నీ వయసులో ఇక్కడే కూచున్నాను. మన వేపు పిల్లలందరికీ ఇదే చెబుతారు. తప్పు మనది కాదు, ఈ కొండకి తెలీదంతే."

అమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చిందట. ఆ నవ్వుతో కాళ్లలోకి బలం వచ్చిందని చెప్పేది. మా నాన్న పైనుంచి తాడు వేశాడు. మొదట నన్ను, తరవాత అమ్మను, చివర చిట్టెమ్మగారిని పైకి చేర్చారు. చీలిక దగ్గర అమ్మ ఆవిడ కాళ్ల మీద పడబోతే ఆవిడ పట్టుకుని, "నాకొద్దమ్మా. నాకు దణ్ణం పెడితే అది దారి మధ్యలో ఆగిపోద్ది" అని, ఆ కొండరెడ్డి సంగతి మొత్తం చెప్పింది. మా ఊళ్లో భర్త తరవాత ఆ మాట విన్నది మా అమ్మా నాన్నే.

మూడోనాడు పొద్దున్నే చిట్టెమ్మ పడవెక్కి పల్లంరాజుగారి ఊరికి బయల్దేరింది. వెంట లోవరాజుగారు, మా అమ్మా నాన్నా, అమ్మ చంకలో నేను. చిట్టెమ్మ అత్తగారు కూడా కర్ర పోటేసుకుని, అమ్మవారి గుడి చూడాలని వచ్చి పడవలో కూర్చుంది. ఇంక ఊరి ఆడవాళ్లు ఎలా ఆగుతారు? వాళ్లూ వచ్చారు. పడవలో లోవరాజుగారు భార్యకు మెల్లిగా ఒక ఉపాయం చెప్పారు.

"కల్లో కనపడిందని చెప్పెయ్యి. కొండ మీదే ఉంటానందని. సాయంత్రానికి రాయి మళ్లీ అక్కడుంటది."

"లేని అమ్మవారిని నేను మొదలెట్టలేదు కదండీ. ఇప్పుడెందుకు మొదలెడతాను?"

పల్లంరాజుగారు పొలంలో గుడి ముందే ఉన్నారు. పసుపు పూసిన గుమ్మం, లోపల పట్టుచీర కట్టిన రాయి, వెండి కళ్లు. ఆయన వీళ్లను చూసి ఎదురొచ్చారు.

"రండమ్మా రండి. దర్శనానికేనా?"

"ఆయ్, రాయి కోసం వచ్చానండి, రాజుగారూ."

"రాయి అనకు చిట్టెమ్మా, కళ్లు పోతాయి. మా పిల్లాణ్ణి బతికించిన తల్లి. ఎండలో వానలో పడుంటే చూళ్లేక నీడకి తెచ్చుకున్నాను. నే చేసిన తప్పేంటో చెప్పు."

"తమరు మంచి మనసుతోనే తెచ్చారండి. ఈ పిల్ల మాత్రం ఆ రాయి కనపడక మొన్న లోయ అంచుకి పోయింది. చంకలో బిడ్డతో."

ఆయన మా అమ్మను చూశారు, నన్ను చూశారు. ముఖం పాలిపోయింది. కానీ ప్రతిష్ఠ అయిన అమ్మవారిని మళ్లీ కదిపితే తన పిల్లాడికి ఏమవుతుందోనన్న భయం కూడా ఆ ముఖంలోనే ఉందని మా అమ్మ చెప్పేది. తండ్రి భయం అది, దాన్ని వెక్కిరించడానికి నాకు కూడా నోరు రావడం లేదు. చిట్టెమ్మ అప్పుడు ఆడవాళ్లందరి ముందు, అత్తగారి ముందు, ఇన్నేళ్లూ దాచుకున్నది బయటపెట్టింది. వేరు పట్టుకుని కూర్చోవడం, కొండరెడ్డి రావడం, ఆయన వెనక అడవిలో నడవడం, దణ్ణం పెట్టేలోగా ఆయన వెళ్లిపోవడం. ఎక్కడా గొంతు తగ్గించలేదట.

"ఆయన పేరు తెలీదండి నాకు. ఊరు తెలీదు. దణ్ణం పెట్టుకుందామంటే మనిషి లేడు. అందుకని ఆయన నడిపించిన దారికే పెట్టుకుంటున్నాను, ఏటేటా. తమరు పల్లకీలో తెచ్చుకున్నది అమ్మవారో కాదో నాకు తెలీదు గానీ, రాజుగారూ, అది నా దణ్ణం అండి. తమ దణ్ణం తమరు ఇక్కడ పెట్టుకోండి. నాది అక్కడ ఉండనివ్వండి."

అందరూ ముసలావిడ వైపు చూశారు. కోడలు పరాయి మగాడి వెనక నడిచి వచ్చానని పదిమందిలో చెప్పింది కదా, అత్తగారు ఏమంటుందో మరి. ఆవిడ కర్ర మీద గెడ్డం ఆనించి కోడలి వంక చూసింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"మీరేమంటారోనని, అత్తా."

"ఏమనేదాన్నో నాకూ తెలీదు." ముసలావిడ ముక్కు తుడుచుకుంది. "ఊరి దాకా దిగబెట్టిన మనిషికి ఓ ముద్ద అన్నమైనా పెట్టావంటే, అదీ లేదు. నాకు చెప్పుంటే ఆ సాయంత్రమే మీ మావని పంపి పిలిపించేదాన్ని కదే. చూడండమ్మా, మా ఊరి గుమ్మం దాకా వచ్చి ఆ మహానుభావుడు ఉత్త కడుపుతో పోయాడు."

ఆ మాటకు చిట్టెమ్మ ఏడ్చింది. లోయ అంచున ఏడవని మనిషి, అక్కడ ఆ పొలంగట్టు మీద, అత్తగారి భుజం పట్టుకుని ఏడ్చింది. మా అమ్మా ఏడ్చింది. ఏం జరుగుతోందో తెలియని నేను కూడా ఏడ్చానట.

మర్నాడు పల్లంరాజుగారు ఒక్కరే పడవ దిగి మా ఊరొచ్చారు. డప్పులు లేవు, పల్లకీ లేదు. గుళ్లోని రాయి గుళ్లోనే ఉంది. పై కండువా తలపాగాగా చుట్టి, దాని మీద ఏటి ఒడ్డున తానే ఎంచిన రాయి పెట్టుకున్నారు. పాలేళ్లు లేరా అని ఎవరో అడిగితే, "ఉన్నారు. దణ్ణం వాళ్లు మోస్తే నాదెలాగవుద్ది?" అన్నారు. జన్మలో బరువెత్తని మనిషి. నాలుగడుగులకోసారి ఆగి, రొప్పి, మళ్లీ ఎక్కారు. వెనక చిట్టెమ్మ సున్నం కుండతో, లోవరాజుగారు గునపంతో, వాళ్ల వెనక కర్ర పోటేసుకుంటూ ముసలావిడ, మా అమ్మా నాన్నా, సగం ఊరూ. చీలిక దగ్గర లోవరాజుగారు తవ్వారు, పల్లంరాజుగారు రాయి నిలబెట్టారు, చిట్టెమ్మ సున్నం కొట్టింది. పక్కావిడెవరో అలవాటు కొద్దీ కుంకం భరిణె తీయబోతే చిట్టెమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. భరిణె కొంగులోకి వెళ్లిపోయింది.

పల్లంరాజుగారు చెమట తుడుచుకుని, చేతులు జోడించబోయి ఆగారు. రాయికి పెట్టాలో, చిట్టెమ్మకు పెట్టాలో తోచలేదు.

"ఇప్పుడు నేనెటు తిరిగి పెట్టాలమ్మా?"

చిట్టెమ్మ సున్నం చేత్తో అడవి వైపు చూపించింది. "అటండి."

అటు గుడి లేదు, మనిషి లేడు. మద్దిచెట్లూ వెదుళ్లూ తప్ప ఏమీ లేదు. పల్లంరాజుగారు అటు తిరిగి చేతులు జోడించారు. చిట్టెమ్మ పెట్టింది. ముసలావిడ కర్ర చంకలో పెట్టుకుని పెట్టింది. ఊరివాళ్లంతా ఒక్కొక్కరే అడవి వైపు తిరిగారు. మా అమ్మ నన్ను చంక దింపి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కలిపింది. నా పుట్టుకలో నేను పెట్టిన మొదటి దణ్ణం అదే.